పాపకి పియానోనా, పాటా, వయొలినా, మృదంగమా? కొనే ముందు, చేర్చే ముందు

మేము కొన్న మొదటి కీబోర్డ్ మీద మా అమ్మాయి వారం రోజుల్లో పూర్తిగా నేర్చుకున్నది ఒక్కటే, డెమో బటన్. అది నొక్కగానే వెనక డ్రమ్స్‌తో సహా ఏదో ఇంగ్లిష్ పాట వచ్చేది. తను కీస్ మీద చేతులు ఊపుతూ వాయిస్తున్నట్టు నటించేది, తాతయ్య చప్పట్లు కొట్టేవారు. నెల తిరిగేసరికి ఆ కీబోర్డ్ మీద ఇస్త్రీ బట్టలు చేరాయి.

పాపని అనడానికేమీ లేదు. వస్తువు ముందు కొనేసి, ఎందుకు కొన్నామో తర్వాత ఆలోచించింది మేమే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ‘పియానో నేర్పిస్తే బ్రెయిన్ డెవలప్ అవుతుంది, లెక్కలు బాగా వస్తాయి’ అని ఒక వీడియో పెట్టారు. మరుసటి ఆదివారం షాపులో ఉన్నాం. నానమ్మ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట: “సరళీ స్వరాలు పాడించండే, డబ్బాలెందుకు?”

ఆ తర్వాత రెండేళ్లలో కీబోర్డ్, పాట రెండూ చూశాం. పక్క ఫ్లాట్లలో వయొలిన్, మృదంగం నేర్చుకుంటున్న పిల్లల్నీ చూశాం, వాళ్ల అమ్మానాన్నల గోడూ విన్నాం. అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలుండి, ఏది మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్న వాళ్ల కోసం ఇది.

## ముందు ఆ ‘బ్రెయిన్’ సంగతి తేల్చుకుందాం

ఈ ప్రచారానికి ఊపు వచ్చింది 1993లో. అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకి మొజార్ట్ రెండు పియానోల కోసం రాసిన ఒక సొనాటాని పది నిమిషాలు వినిపించారు. వెంటనే, కాగితాన్ని మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా కనిపిస్తుంది లాంటి ప్రశ్నలిచ్చారు. స్కోరు కాస్త పెరిగింది. పది, పదిహేను నిమిషాల్లో ఆ పెరుగుదల పోయింది కూడా. వాళ్లు చిన్నపిల్లలు కారు, పియానో ముట్టుకోనూ లేదు, ఊరికే విన్నారు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ అక్కడ పుట్టే ప్రతి బిడ్డకీ క్లాసికల్ సంగీతం రికార్డింగు ఒకటి ఇవ్వడానికి లక్షా అయిదు వేల డాలర్లు కావాలని అడిగారు. మన వాట్సాప్ వీడియోలకి తాత అన్నమాట ఆయన.

నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధనలు వేరు. వాటిలో మనకి పనికొచ్చేవి మూడు.

2004లో టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి కీబోర్డ్, ఒక గుంపుకి గాత్రం, ఒక గుంపుకి నాటకం నేర్పారు. నాలుగో గుంపుకి ఆ ఏడాది ఏమీ నేర్పలేదు. ఏడాది తర్వాత అందరి ఐక్యూ పెరిగింది, ఎందుకంటే అందరూ అప్పుడే బడిలో చేరారు. సంగీతం నేర్చుకున్న రెండు గుంపుల్లో సగటున 7 పాయింట్లు, మిగతా రెండిట్లో 4.3. అంటే సంగీతం వల్ల వచ్చిన తేడా మూడు పాయింట్లు కూడా లేదు. ఇందులో మనం గమనించాల్సినవి రెండున్నాయి. పియానో వాయించిన పిల్లలు, పాట పాడిన పిల్లల కంటే పైకేమీ పోలేదు. ఇక పదిమందిలో మెలిగే తీరు మెరుగుపడింది నాటకం నేర్చుకున్న పిల్లల్లోనే.

2009లో వచ్చింది మరొకటి. 15 మంది పిల్లలకి వారానికి అరగంట చొప్పున 15 నెలలు కీబోర్డ్ నేర్పి, ముందూ వెనకా మెదడు స్కాన్ తీశారు. మార్పు నిజంగానే కనిపించింది. ఎక్కడ? వేళ్లని కదిలించే చోట, శబ్దాన్ని వినే చోట, ఎడమ కుడి భాగాల్ని కలిపే చోట. వేళ్ల చురుకుదనం పెరిగింది, రాగంలో, లయలో తేడా పట్టే శక్తి పెరిగింది. సంగీతంతో సంబంధం లేని పరీక్షల్లో మాత్రం, బడిలో మామూలు మ్యూజిక్ పీరియడ్‌తో సరిపెట్టుకున్న పిల్లలకంటే ముందుకి పోలేదు.

మూడోది 2018లో బీజింగ్‌లో. నాలుగైదేళ్ల పిల్లలు 74 మంది. కొందరికి వారానికి మూడు రోజులు, రోజుకి 45 నిమిషాలు పియానో, కొందరికి అంతే సేపు అదనంగా చదువు, కొందరికి ఏదీ లేదు. ఆరు నెలల తర్వాత ఐక్యూలో, ఏకాగ్రతలో, జ్ఞాపకశక్తిలో మూడు గుంపులకీ తేడా లేదు. మాటల్లో హల్లుల తేడాని చెవితో పట్టడంలో మాత్రం పియానో పిల్లలు ముందున్నారు.

2020లో ఇలాంటివి 54 అధ్యయనాల్ని, దాదాపు ఏడు వేల మంది పిల్లల లెక్కల్ని కలిపి చూశారు. పద్ధతిగా చేసిన అధ్యయనాలు మాత్రమే తీసుకుంటే చదువు మీద, తెలివి మీద సంగీతం ప్రభావం దాదాపు సున్నాకి చేరింది.

ఇవన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది: పిల్లలు దేన్ని సాధన చేస్తే అది పెరుగుతుంది. వేళ్లు వాడితే వేళ్లు, చెవి వాడితే చెవి. లెక్కలు బాగా రావాలంటే లెక్కలు చేయించడమే. కాబట్టి ‘ఏ వాయిద్యం తెలివి పెంచుతుంది’ అన్న ప్రశ్నని పక్కన పెట్టేసి, ‘ఏ వాయిద్యం దేన్ని సాధన చేయిస్తుంది, అందులో మా పిల్లకి ఏది కావాలి, ఏది నప్పుతుంది’ అని అడిగితే పోలిక తేలికవుతుంది.

## దేన్ని బట్టి పోల్చాలి

నేనైతే అన్నిటికంటే ముందు ఒకటి చూస్తాను: చెవికి బావుండే మొదటి శబ్దం ఎన్నాళ్లకి వస్తుంది? ఆరేళ్ల పిల్లకి ఓపిక నెల రోజులు. ఆ నెలలో తను వాయించింది తనకే నచ్చకపోతే, ఇక మనం బతిమాలుకోవడమే మిగులుతుంది.

రెండోది, బరువు దేని మీద పడుతుంది: చెవి మీదా, కంటి మీదా, చేతుల మీదా, గొంతు మీదా. మూడోది ఇంట్లో సాధన. క్లాసు వారానికి ఒకటో రెండో, మిగతా రోజులు ఇంట్లో పక్కన కూర్చునేదెవరు? వాళ్లకి తప్పు తెలుస్తుందా? ఈ మూడో దాన్నే అందరూ మర్చిపోతారు, క్లాసులు మానేసేది ఎక్కువగా దీని దగ్గరే. ఆ తర్వాత మీ ఊళ్లో, మీ వీధిలో మాస్టారు దొరుకుతారా అన్నది. ఖర్చుని నేను చివర్లో పెడతాను. పియానో ఒక్కటి పక్కన పెడితే మిగతా వాటి మధ్య తేడా అంత పెద్దది కాదు.

## పియానో

మిగతా వాయిద్యాల్లో లేనిది పియానోలో ఒకటుంది. శ్రుతి వాయిద్యంలోనే ఉంటుంది. ‘స’ నొక్కితే ‘స’నే పలుకుతుంది. పిల్ల వేలు పెట్టిన మొదటి రోజే అపస్వరం లేని శబ్దం వస్తుంది. పైగా స్వరాలన్నీ కళ్ల ముందు వరసగా, ఎడమ నుంచి కుడికి మంద్రస్థాయి నుంచి తారస్థాయి దాకా పరిచి ఉంటాయి. ‘పై స్వరం’, ‘కింది స్వరం’ అంటే ఏంటో నోటితో చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు.

మరి కష్టమెక్కడ? రెండు చేతుల్లో. శంకరాభరణం రాగంలో కింది స నుంచి పై స దాకా ఎక్కే ఆరోహణే తీసుకోండి, అన్నీ తెల్ల కీసే. కుడిచేత్తో బొటనవేలు స, చూపుడువేలు రి, మధ్యవేలు గ. ఇక్కడ బొటనవేలు అరచేతి కిందనుంచి దూరి మ మీదకి రావాలి. అక్కడినుంచి ప, ద, ని, పై స దాకా చిటికెనవేలితో సాఫీగా పోతుంది. ఎడమచేయి చిటికెనవేలితో మొదలై, ప దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు అయిపోతుంది. అప్పుడు మధ్యవేలు పైనుంచి దాటి ద మీద పడాలి. విడివిడిగా వారంలో వచ్చేస్తాయి. రెండూ కలిపి వాయించమంటే మ దగ్గర కుడిచేయి మెలిక తిరగాలి, ఎడమచేయి తిరగకూడదు. ద దగ్గర ఎడమచేయి తిరగాలి, కుడిచేయి తిరగకూడదు. మా అమ్మాయి సరిగ్గా మ దగ్గర రెండు చేతులూ ఒకేసారి తిప్పేసి, ఆగిపోయి, చేతుల్ని అవి వేరెవరివో అన్నట్టు చూసుకునేది. పద్దెనిమిది రోజులు అక్కడే ఉంది. పంతొమ్మిదో రోజు మాట్లాడుతూ మాట్లాడుతూనే దాటేసింది, దాటినట్టు తనకీ తెలియలేదు. మెదడు స్కాన్లో వాళ్లకి కనిపించింది బహుశా ఇదే అయ్యుంటుంది.

దానికి తోడు చదవడం. పియానో నొటేషన్‌లో రెండు వరసలుంటాయి, పైది కుడిచేతికి, కిందది ఎడమచేతికి. గుర్తులు ఒకేలా ఉన్నా రెండు వరసల్లో వాటి అర్థం వేరు. కన్ను ముందుకి పరుగెత్తాలి, చేతులు వెనక నుంచి అందుకోవాలి. అక్షరాలే ఇంకా కూడబలుక్కుని చదువుతున్న పిల్లకి ఇది టెన్షన్. అందుకే అయిదేళ్లలోపు పిల్లకి నొటేషన్ బలవంతం చేసే క్లాసు అంటే నాకు పడదు.

లోటు కూడా చెప్పాలి. పియానోలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జార్చుతూ పలికించడం, లేదు. రెండు కీస్ మధ్య ఏమీ ఉండదు. తోడి రాగంలో గాంధారం ఊగాలి, పియానో మీద అది ఊగదు. హార్మోనియం మీద ఉన్న పాత ఫిర్యాదు కూడా ఇదే, దీని మీదే 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆలిండియా రేడియో దాన్ని దూరం పెట్టింది. కొన్ని కీబోర్డ్‌లకి స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉంటుంది, దానితో కర్ణాటక సంగీతం అద్భుతంగా వాయించే వాళ్లున్నారు. అది ఆరేళ్ల పిల్ల పని మాత్రం కాదు. రేపు కచేరీ పాడాలి, కీర్తనలు వాయించాలి అన్న ఆశ ఇంట్లో ఉంటే పియానో దగ్గర మొదలుపెట్టడం చుట్టుదారి.

ఇంకో తిరకాసు కూడా ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ‘కీబోర్డ్ క్లాస్’, ‘పియానో క్లాస్’ ఒకటి కావు. కీబోర్డ్ క్లాసులో సాధారణంగా కుడిచేతితో పాట వాయిస్తారు, ఎడమచేతితో కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, పట్టుకుంటే మిగతా వాద్యమంతా మెషీనే వాయిస్తుంది. మూడు నెలల్లో సినిమా పాట వచ్చేస్తుంది, స్కూల్ యానివర్సరీలో స్టేజి మీద అదిరిపోతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ రెండు చేతులూ స్వతంత్రంగా నడవడం అనేది అందులో పెద్దగా రాదు. సంగీతంలో గ్రేడ్ పరీక్షలు పెట్టే ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్లు కూడా ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌కీ పియానోకీ వేర్వేరు సిలబస్‌లు పెట్టారు. చేర్చే ముందు మాస్టారిని ఒక్క మాట అడగండి: “ఎడమచేతితో కూడా రాగం వాయిస్తారా, కార్డ్సేనా?”

## గాత్రం

కొనాల్సింది లేదు. శ్రుతికి ఫోన్‌లో ఒక యాప్, కింద కూర్చోవడానికి చాప. తెలుగు ఊళ్లలో మాస్టార్లు, టీచరమ్మలు ఎక్కువగా దొరికేదీ దీనికే.

గాత్రంలో బరువంతా చెవి మీదే. పియానోలో అపస్వరం రాదు కాబట్టి, అపస్వరాన్ని గుర్తుపట్టాల్సిన అవసరం పిల్లకి రాదు. పాటలో మాత్రం ప్రతి స్వరాన్నీ తనే వెతుక్కుని పట్టుకోవాలి. మొదట్లో, తొలి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో రి దగ్గర, ద దగ్గర జారిపోతుంది. టీచరమ్మ మళ్లీ అనిపిస్తుంది. నెలల తరబడి సాగుతుంది, ఇంట్లో వాళ్లకి చెవులు నొప్పెడతాయి, నిజమే. కానీ ఒకసారి చెవి కుదిరాక ఆ చెవి ఏ వాయిద్యానికైనా పనికొస్తుంది. పాటలో పడి తర్వాత వయొలిన్‌కో కీబోర్డ్‌కో వెళ్లిన పిల్లలు ఎంత త్వరగా అందుకుంటారో మా అపార్ట్‌మెంట్‌లోనే చూశాను.

లెక్కల మోజు ఇంకా తీరని వాళ్లకి ఒక మాట. పాటలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడించడం చూడండి. చెయ్యి ఒకే వేగంతో తాళం వేస్తూ ఉంటుంది. ఒకటో కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. దీనివల్ల మార్కులు పెరుగుతాయని నేననను. కానీ సగం, పావు అంటే ఏంటో పిల్ల చేతికి తెలుస్తుంది.

ఇంకొకటి భాష. కీర్తనల్లో ఎక్కువ భాగం మన తెలుగే కావడం మనకి కలిసొచ్చింది. ‘ళ’కీ ‘ల’కీ తేడా పలకని పిల్ల చేత టీచరమ్మ పట్టుబట్టి పలికిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న పిల్లకి ఇది సంగీతం క్లాసూ తెలుగు క్లాసూ కూడా.

ఇబ్బందులు రెండున్నాయి. బిడియం ఉన్న పిల్ల నోరు విప్పదు, వాయిద్యం అయితే దాని వెనక దాక్కోవచ్చు, గొంతు వెనక దాక్కోలేరు. ఇక మగపిల్లలకి పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. ఆ ఏడాది రెండేళ్లూ శ్రుతి మార్చుకుంటూ, తగ్గించి పాడుకుంటూ నెట్టుకురావాలి. సరిగ్గా అదే వయసులో చదువు ఒత్తిడీ మొదలవుతుంది. చాలామంది మానేసేది అప్పుడే.

## వయొలిన్

ఇది మన దగ్గర పరాయి వాయిద్యం కాదు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన వాయిద్యం. పియానో లాగే పడమటి నుంచి వచ్చిందే, కానీ తీగ ఉంది కాబట్టి గమకం పలికింది, ఇక్కడే ఉండిపోయింది. పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌ని కర్ణాటక సంగీతానికి లొంగదీసింది కూడా తీగ మీదే.

పిల్లలకి సైజులు దొరుకుతాయి: పావు, అర, ముప్పావు, ఇంకా చిన్నవి కూడా. పిల్ల ఎదిగే కొద్దీ మార్చాలి, ఎవరి పాతదైనా దొరికితే మేలు. కర్ణాటక పద్ధతిలో బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. పాశ్చాత్య పద్ధతిలో నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. ఒక పద్ధతిలో మొదలుపెట్టి ఇంకో దానికి మారడం పిల్లలకి చికాకు, ముందే తేల్చుకోండి.

నా ఉద్దేశంలో ఆరేళ్ల పిల్లకి మొదటి వాయిద్యంగా ఇది అన్నిటికంటే కష్టం. ఎడమచేతి వేళ్లకి గుర్తులుండవు, కుడిచేతి కమాను కాస్త వంకర పోతే కీచుమంటుంది. మొదటి ఏడాది ఎక్కువ భాగం ఆ కీచు తగ్గించడానికే పోతుంది. పక్క ఫ్లాట్ బాబు వాయించేటప్పుడు వాళ్ల కుక్క సోఫా కిందికి వెళ్లిపోయేది. అయితే ఆ బాబు మానలేదు. వాళ్లమ్మ రోజూ పక్కన కూర్చునేది, ఆవిడకి వయొలిన్ రాదు, కానీ చిన్నప్పుడు పాట నేర్చుకుంది. తప్పు ఎక్కడో ఆవిడ చెవికి తెలుస్తుంది. అలాంటి వాళ్లు ఇంట్లో లేకపోతే వయొలిన్‌ని ఎనిమిదో, తొమ్మిదో ఏటికి వాయిదా వేయడం మంచిది.

## మృదంగం, తబలా

నిలకడగా కూర్చోలేని పిల్లల తల్లిదండ్రులు దీని గురించి ఆలోచించరు, ఆలోచించాల్సింది వాళ్లే. మొదటి రోజే చప్పుడొస్తుంది, ఒళ్లంతా కదులుతుంది. పాఠం నోటితో మొదలవుతుంది, ‘త ధి తొం నం’ అని అంటూ చేత్తో వాయించాలి. కారులో, స్నానాల గదిలో, అన్నం కంచం మీద కూడా సాధన నడుస్తుంది. నొటేషన్ బెంగ లేదు. మంచి పాట మాస్టారి పక్కన కూర్చునే అవకాశం వస్తే పదిమందితో కలిసి వాయించడం ముందే అలవాటవుతుంది, పియానో పిల్లలు ఒంటరిగా గదిలో వాయించుకుంటూ ఉండిపోతారు.

వాయించే చర్మపు మూతలు శ్రుతి చేయడం పిల్లల వల్ల కాదు, మాస్టారు చేసి పెట్టాలి. మృదంగం ఎడమవైపు తడి రవ్వ ముద్ద పెట్టి వాయించాక మర్చిపోకుండా గీకి శుభ్రం చేయాలి. కింది ఫ్లాట్ వాళ్లతో సఖ్యత ఉండాలి, దీనికి హెడ్‌ఫోన్స్ ఉండవు.

వీణ గురించి ఒక్క ముక్క. బొబ్బిలి వీణ ఇంట్లో ఉంటే అది వేరే సంగతి, వారసత్వం. లేకపోతే అంత పెద్ద వాయిద్యం పదేళ్లలోపు పిల్ల చేతికి అందదు. పాటతో మొదలుపెట్టి తర్వాత వెళ్లొచ్చు.

| | పియానో | గాత్రం | వయొలిన్ | మృదంగం, తబలా |
|---|---|---|---|---|
| మొదటి మంచి శబ్దం | మొదటి రోజు | కొన్ని నెలలు | ఏడాది దగ్గర్లో | మొదటి వారాల్లో |
| ఎక్కువ బరువు | రెండు చేతులు, కన్ను | చెవి, గొంతు | చెవి, వేళ్లు | లయ, చేతులు |
| మొదలుపెట్టే వయసు, నా అంచనాలో | 6 దాటాక | 5 నుంచి | 8 దాటాక | 6 దాటాక |
| ఇంట్లో పెద్దవాళ్ల సాయం | మొదటి ఏడాది | చెవి తెలిసినవాళ్లుంటే మేలు | తప్పనిసరి | తక్కువ |
| గమకం | లేదు | ఉంది | ఉంది | వర్తించదు |
| ఇరుగుపొరుగు | హెడ్‌ఫోన్స్ ఉన్నాయి | ఫర్వాలేదు | ఓపిక కావాలి | ముందే చెప్పుకోవాలి |

## పియానోనే అనుకుంటే, ఏది కొనాలి

మా తప్పు మీరు చేయకండి. ఎనిమిది, పది వేలకి వచ్చే 61 కీస్ కీబోర్డ్‌లలో చాలావాటికి టచ్ సెన్సిటివిటీ ఉండదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. పియానో అన్న పేరే మెల్లగానూ గట్టిగానూ పలికేది అన్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. అది లేని దాని మీద నేర్చుకున్న వేళ్లకి బరువు తెలియదు, తర్వాత అసలు పియానో దగ్గర కూర్చుంటే కీ కిందికి దిగదు.

పిల్ల నిలబడుతుందో లేదో తెలియనప్పుడు టచ్ సెన్సిటివ్ ఉన్న 61 కీస్‌ది, పన్నెండు నుంచి పద్దెనిమిది వేల మధ్యలో దొరుకుతుంది, అది చాలు. మొదటి ఏడాది, ఏడాదిన్నర దానితో సాఫీగా గడుస్తుంది. ఆ తర్వాత కూడా పిల్ల తనంతట తనే వెళ్లి కూర్చుంటుంటే 88 కీస్ ఉన్న డిజిటల్ పియానో, కీస్‌కి బరువున్నది, అర లక్షకి అటూ ఇటూ. గ్రేడ్ పరీక్షలు అనుకుంటే ఇది తప్పదు. అసలు తీగల పియానో లక్షల్లో ఉంటుంది. అందులో దాదాపు 230 తీగలుంటాయి, ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తేమకి చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి, శ్రుతి చేసేవాళ్లు దొరకరు. డబ్బున్నా నేను వద్దనే అంటాను.

కుర్చీ మర్చిపోకండి. మోచేయి కీస్ ఎత్తులో ఉండాలి, కాళ్లు గాల్లో వేలాడకూడదు. మేము డైనింగ్ కుర్చీ మీద రెండు దిళ్లు, కింద వంటింటి పీట వేశాం. ఇప్పటికీ అదే.

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో పాడతారనుకోండి, ఇంకేమీ ఆలోచించకండి, గాత్రమే. రోజూ పక్కన కూర్చునే మాస్టారు జీతం లేకుండా ఇంట్లోనే ఉన్నారు. మేము ఈ ముక్క ఏడాదిన్నర ఆలస్యంగా గ్రహించాం. ఇప్పుడు మా అమ్మాయి పొద్దున నానమ్మతో అలంకారాలు పాడి, సాయంత్రం పియానో వాయిస్తుంది. మాయామాళవగౌళ కీస్ మీద వెతుక్కుని, రెండు నల్లవి, మిగతావి తెల్లవి అని తనే కనిపెట్టి, నానమ్మని పిలిచి చూపించింది. నానమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “రి సరిగానే ఉందే” అన్నారు. ఆవిడ నోట అది పెద్ద పొగడ్త.

ఇద్దరూ ఉద్యోగస్తులు, రాత్రి ఎనిమిదికి గానీ ఇంటికి రారు అంటే పియానోకే నా ఓటు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు, శ్రుతి చూసిపెట్టేవాళ్లు పక్కన లేకపోయినా శబ్దం తప్పు రాదు. మొదటి ఆరు నెలలు మాత్రం రోజుకి పదిహేను నిమిషాలు ఎవరో ఒకరు పక్కన కూర్చోగలరా అని నిజాయితీగా చూసుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి లెక్క వేరు. అక్కడ స్కూల్ ఆర్కెస్ట్రాలో చోటు ఎక్కువగా దొరికేది వయొలిన్‌కి. పియానోకైతే ఒకరికో ఇద్దరికో. స్నేహితులతో కలిసి వాయించాలని ఉంటే వయొలిన్, తెలుగు నిలబడాలని ఉంటే శనివారం ఆన్‌లైన్‌లో గాత్రం. ఆన్‌లైన్‌లో పియానో నేర్పించేటప్పుడు ఒక చిట్కా: కెమెరా ముఖం మీద కాదు, చేతుల పైనుంచి కిందికి పెట్టండి. లేకపోతే మాస్టారికి బొటనవేలు దూరిందో లేదో కనిపించదు.

ఏడో తరగతిలో ఉండి ఇప్పుడు మొదలుపెట్టే పిల్లలుంటారు. ఆలస్యమైపోయింది అని ఎవరైనా అంటే వినకండి. ఆ వయసుకి నొటేషన్ నెలల్లో వస్తుంది, అరచేయి ఎదిగి ఉంటుంది, ఆక్టేవ్, అంటే స నుంచి పై స దాకా, ఒక్క చేతికే అందుతుంది. పదో తరగతి వచ్చేలోపు మూడేళ్లున్నాయి. ఇలాంటి పిల్లల్ని గ్రేడ్‌ల పరుగులో పెట్టకుండా నచ్చిన పాటలు వాయించనిచ్చే మాస్టారి దగ్గర వేయండి.

గ్రేడ్‌ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ట్రినిటీ అయినా, ఇలాంటి పరీక్షలే పెట్టే ఏబీఆర్‌ఎస్‌ఎం అయినా ఎనిమిది గ్రేడ్‌లుంటాయి, ఒక్కో దానికి మూడు నాలుగు పీసులు. కొన్నిచోట్ల ఏడాదంతా ఆ నాలుగే వాయిస్తారు. సర్టిఫికెట్ గోడకెక్కుతుంది, కొత్త పేజీ ముందు పెడితే పిల్ల చదవలేదు. మాకు తెలిసిన ఒకచోట ఇలాగే జరిగింది, పాప మూడో గ్రేడ్ డిస్టింక్షన్‌లో పాసై, పుట్టినరోజు పాట వాయించమంటే బిక్కమొహం వేసింది. పరీక్ష వద్దని కాదు, పరీక్షకి బయట ఏం వాయిస్తున్నారో నెలకోసారి అడగండి.

ఏది ఎంచుకున్నా ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. డిస్కౌంట్ ఇస్తామన్నా వద్దు. మొదటి నెల కట్టి, వాయిద్యం అద్దెకో అరువుకో దొరికితే తెచ్చుకుని చూడండి. మొదటి వారం ఉత్సాహం అందరికీ ఉంటుంది, అది లెక్కలోకి రాదు. మూడో వారంలో చూడండి: క్లాసు లేని రోజున, మీరు చెప్పకముందే, తప్పు వాయిస్తూనో అపస్వరం పాడుతూనో రెండు నిమిషాలైనా దాని దగ్గరికి వెళ్తోందా? వెళ్తుంటే అక్కడే ఉంచండి. వెళ్లకపోతే, నాలుగో వారంలో ఇంకో మాస్టారి గుమ్మం తొక్కండి.